దాచిన తప్పు కంటె దాపించిన భయమే ప్రమాదం



భిలాయి, దుర్గ్ స్టేషన్లలోను, ఉక్కునగరపు తపాలా కార్యాలయాలలోను కంప్యూటరు ముందు కూర్చుండువారికి ఒక హెచ్చరిక. వేతన బకాయిలనో, పింఛను వివరాలనో చెప్పి పై అధికారి పేరుతో వచ్చు ఈమెయిళ్లలోని లింకులను నొక్కకండి. పంపినవారి చిరునామాను అక్షరమక్షరం చదవండి. అనుమానం కలిగిన ఆ అధికారికే ఫోను చేయండి. పార్సెల్ ఆగినదంటూ తపాలాశాఖ పేరుతోనే ప్రజలకు దొంగ సందేశాలు వచ్చినవి. శాఖలోని వారికి మాత్రం రావా? పొరపాటున నొక్కినచో నెట్‌వర్కు తీగ ఊడదీసి వెంటనే తెలుపండి. సొమ్ము పోయినచో 1930కి ఫోను చేయండి.

ఇది మన బాధ్యత. మరి యాజమాన్యానిది?

2017 మే 12న వాన్నాక్రై విరుచుకుపడినది. జర్మనీ రైల్వే స్టేషన్ల తెరలపై సొమ్ము చెల్లించుమను బెదిరింపు కనిపించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు సైతం దాని వాత పడినవి. అది ప్రధానంగా వ్యాపించినది గుమాస్తా వ్రేలితో కాదు, విండోస్‌లోని లొసుగుతో. దానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసినది. దానిని అమర్చవలసినది టిక్కెట్టు గుమాస్తాయా?

1968 నాటి రైల్వే క్రమశిక్షణ నియమావళి, 1965 నాటి సి.సి.ఎస్. నియమావళి చూపి బెదరించినచో ఉద్యోగి తప్పును దాచును. దాచిన ఆ గంటలోనే వైరస్ కార్యాలయమంతా ప్రాకును. వెంటనే తెలిపినవారికి అభియోగపత్రం ఉండరాదు. శిక్షణ పనివేళలలోనే జరుగవలెను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ భద్రతా మరమ్మతులు ముగిసినవి. ఎన్ని యంత్రాలు ఇంకను దానిపై నడుచుచున్నవో ప్రతి శాఖా కార్యదర్శి లిఖితపూర్వకంగా అడుగవలెను.