ముందు ఏం తింటున్నాడో అడగండి

తార్నాక చౌరస్తాలో దిగి ఉస్మానియా క్యాంపస్‌లోకి నడిచేవాళ్లకు జాతీయ పోషకాహార సంస్థ బోర్డు రోజూ కనబడేదే. ఆగి చదివేవాళ్లు తక్కువ. మొన్న అక్కడికి దగ్గర్లో చాయ్ తాగుతుంటే, గ్రూప్స్‌కు చదువుకుంటున్న ఒక పిల్లగాడు అడిగాడు: "సార్, ఇండ్ల ఏం చేస్తరు? డైట్ చార్టులా?"

"అవీ చేస్తారు తమ్ముడూ" అన్నాను. "కాని పిచ్చి అని ముద్ర వేసి మూలన కూర్చోబెట్టినవాళ్లలో కొందరి జబ్బు కంచంలోంచే వచ్చిందని మనకు విప్పి చెప్పింది ఇక్కడివాళ్లే."

నమ్మలేనట్టు చూశాడు. అతనికి చెప్పిందే మీకూ చెబుతాను.

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. ఇటలీ మాట, గరుకు చర్మం అని అర్థం. ఎండ తగిలే చోటల్లా, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల పైన చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. వీటితోపాటు, ఒక్కోసారి వీటికంటే ముందే, మనసు చెదిరిపోతుంది. నిద్ర పట్టదు. కారణం లేని ఏడుపు, కారణం లేని భయం. ముదిరితే తానెక్కడున్నదీ, ఎదురుగా ఉన్నదెవరో తెలియదు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

చిన్నప్పుడు మా ఊళ్లో ఒక అవ్వ ఉండేది. మెడకు నల్లటి పట్టెడ పెట్టుకున్నట్టు చర్మం కమిలి ఉండేది. రాత్రంతా వాకిట్లో తిరుగుతూ తనలో తాను మాట్లాడుకునేది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. రెండు పూటలా జొన్న గటక, ఇంత కారం తప్ప ఆమె నోట్లోకి ఇంకేమైనా పోతున్నదా అని అడిగినవాళ్లు లేరు. అది పెల్లాగ్రానే అని ఇప్పుడు నేను రుజువు చేయలేను. కాని ఆ జబ్బు గురించి చదివినప్పుడల్లా ఆమె మెడ కళ్ల ముందుకొస్తుంది.

1914లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా అంటువ్యాధేమో తేల్చి రమ్మని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి పంపారు. ఆయన అనాథాశ్రమాలు, పిచ్చాసుపత్రులు తిరిగి ఒక సంగతి పట్టుకున్నాడు. జబ్బు లోపల ఉంచినవాళ్లకే వస్తున్నది, వాళ్లను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సులకు, పనివాళ్లకు రావడం లేదు. అంటుకునేదైతే వాళ్లకూ అంటాలి కదా. తేడా అంతా తిండిలో ఉంది. పేదల కంచంలో మొక్కజొన్న తప్ప పాలు, మాంసం లేవు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్, లోపించింది నికోటినిక్ ఆమ్లమని, అంటే నయాసిన్ అనే బీ విటమిన్ అని తేల్చాడు.

మన దక్కన్‌లో చిక్కు వేరు. ఇక్కడి పేదలు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. మన శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొంత నయాసిన్ తయారుచేసుకుంటుంది. మొక్కజొన్నలో ఆ ట్రిప్టోఫాన్ తక్కువ, జొన్నలో మరీ అంత తక్కువేం కాదు. మరి జొన్న తినేవాళ్లకు ఈ జబ్బు ఎందుకు రావాలి? 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన ఈ సంస్థను ఆ ప్రశ్న పట్టుకుంది. డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక జవాబు ప్రతిపాదించారు: జొన్నలో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఎక్కువ, అది నయాసిన్ పనికి అడ్డు తగులుతున్నది అని. ఈ వాదంతో తర్వాత విదేశాల్లో కొందరు విభేదించారు, చర్చ చాలాకాలం సాగింది. నాకు మాత్రం జవాబు కంటే వాళ్లు ప్రశ్న వేసిన తీరే పెద్దదనిపిస్తుంది. ఎక్కడి పుస్తకంలోనో ఉన్నది ఇక్కడి రోగికి అతికించకుండా, ఇక్కడి రోగి ఏం తింటున్నాడో చూశారు.

అంతటితో ఆగలేదు. రోగుల తలకు తీగలు పెట్టి ఈఈజీ తీశారు. మెదడు అలలు మందగించి కనిపించాయి, నికోటినిక్ ఆమ్లం ఇచ్చాక కుదుటపడ్డాయి. తర్వాతి కాలంలో ఆ సంస్థకే డైరెక్టర్ అయిన డాక్టర్ కమలా కృష్ణస్వామి ఈ పరిశోధనలో ఉన్నారు. చర్మం మానడానికి వారాలు పట్టినా, మనసు తరచూ రెండు మూడు రోజుల్లోనే తేటపడుతుంది. అంత దిగులు, అంత భయం, చవకైన ఒక విటమిన్‌తో వదలడం తలచుకుంటే నాకు సంతోషం కంటే బాధే ఎక్కువ కలుగుతుంది. అది అందక ఎందరు గొలుసులతో బతికారో!

జొన్నను తిట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ఈ రోజుల్లో జొన్నరొట్టె హోటళ్లలో దొరుకుతున్నది. పప్పు, పెరుగు, ఆకుకూర, మాంసం పక్కన ఉన్నప్పుడు అది మంచి తిండే. జొన్న తప్ప మరేదీ లేకపోవడం వల్ల ఆ జబ్బు వచ్చింది. పల్లెల్లో కంచంలోకి నాలుగు రకాలు చేరాక మన ఆసుపత్రుల్లో పెల్లాగ్రా అరుదైపోయింది. ఇప్పుడది ఎక్కువగా తాగుడుకు బానిసైనవాళ్లలో కనిపిస్తుంది.

తాగుడు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. ఇదే సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ చేతిలో, బెరిబెరి మీద విచారణగా మొదలైంది. మర పట్టిన తెల్ల బియ్యం తినే మన సర్కారు జిల్లాలను ఒకప్పుడు పీడించిన జబ్బు అది. తవుడుతోపాటు బీ1 విటమిన్, థయమిన్, పోవడమే కారణం. ఆ బీ1 లోపమే తాగుబోతుల మెదడును దెబ్బతీస్తుంది. తిండి మానేసి రోజుల తరబడి తాగి, వాంతులు చేసుకుంటున్న మనిషి తూలుతున్నాడు, కళ్లు నిలకడగా నిలవడం లేదు, మాట పొంతన లేదు. ఇంట్లోవాళ్లు ఇంకా మత్తు దిగలేదనుకుంటారు. 1881లో కార్ల్ వెర్నికే వర్ణించిన జబ్బు కావచ్చు అది. అప్పుడే థయమిన్ ఇంజెక్షన్ పడితే మనిషి దక్కుతాడు. ఆలస్యమైతే కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తి చాలామందికి మళ్లీ రాదు.

మన ఊళ్లలో ఇట్లాంటి మనిషికి మొదట ఎక్కించేది గ్లూకోజు సీసా. గ్లూకోజును వాడుకోవడానికి శరీరానికి థయమిన్ కావాలి. ఉన్న పిసరంత కూడా అందులో ఖర్చయిపోతే మెదడు ఇంకా దెబ్బతింటుంది. అందుకే చేతులు జోడించి అడుగుతున్నాను: తాగుడు మనిషికి గ్లూకోజు పెడుతుంటే, "డాక్టర్‌గారూ, బీ1 ఇచ్చారా?" అని అడగండి. అడిగితే చిన్నతనమేమీ లేదు.

ప్రతి మతిమరుపూ, ప్రతి దిగులూ తిండితో వచ్చిందని నేననను. విటమిన్ బిళ్లలు చూసుకుని మానసిక వైద్యుడు రాసిన మందులు ఆపడం ప్రమాదం. నేనడిగేదొక్కటే, వయసనీ ఖర్మ అనీ అనుకునే ముందు, సరిచేయగలిగిన కారణం ఏదైనా ఉందేమో వెతకండి.

ఇదంతా విన్న పిల్లగాడు ఖాళీ గ్లాసు అట్లనే పట్టుకుని నిలబడ్డాడు. "సార్, మా నాయిన ఏడాది సంది మస్తు మర్చిపోతుండు. కాళ్లు తిమ్మిర్లంటడు. నడుస్తుంటే తూలుతడు. ముసలితనం అనుకున్నం."

"వయసెంత?"

"యాభై ఎనిమిది. షుగరుంది. గ్యాస్ గోళీలు గూడ వేస్కుంటడు. నీసు ముట్టడు."

బీ12 గురించి చెప్పాను. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే ఉంటుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, ఏళ్ల తరబడి వేసుకునే గ్యాస్ బిళ్లలు అది ఒంటికి పట్టకుండా చేయగలవు. లోపిస్తే రక్తం తగ్గుతుంది, నరాలు, వెన్నుపాము, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. ఒక్కోసారి రక్తం మామూలుగానే ఉండి నరాలు పాడవుతుంటాయి. ఎంత ముందు పట్టుకుంటే అంత మేలు. షుగర్ వల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి, ఏది ఎందుకో డాక్టరే చెప్పాలి, బిళ్లలు మాత్రం సొంతంగా ఆపొద్దన్నాను. ఒక రక్తపరీక్షతో సగం తేలిపోతుంది.

అతను గ్లాసు పక్కన పెట్టి, పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని, ఫోన్ తీశాడు.

"నాయినా, నేనే. ఆ షుగర్ గోళీలు ఎన్నేండ్ల సంది వేస్కుంటున్నవ్?"