ఇంటికి సాయం సరే, నేల ఎవరిది?

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరు 1న మొదలైంది. కోటి కుటుంబాలకు ఇళ్లు దాని లక్ష్యం. దళితులు, ఆదివాసీలు, ఒంటరి మహిళలు, పారిశుధ్య కార్మికులకు ప్రాధాన్యం అని మార్గదర్శకాల్లో రాశారు. ఇలాంటి పథకం వచ్చినప్పుడల్లా మనం అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో మన వాటా ఎంత? కోల్‌కతాలో ఉంటూ బస్తీల మీద పరిశోధన చేస్తున్న నాకు, దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందనిపిస్తోంది. ఈ సాయం అందుకోవాలంటే మనిషి చేతిలో ముందే ఏముండాలి?

సొంతంగా ఇల్లు కట్టుకునే పేదలకు కేంద్రం లక్షన్నర ఇస్తుంది, రాష్ట్రం తన వాటా కలుపుతుంది. దానికి సొంత స్థలం కాగితం కావాలి. స్థలం లేనివారికి రాష్ట్రాలు పట్టా ఇవ్వొచ్చు అని ఉంది, ఇచ్చి తీరాలని లేదు. ఇల్లు కొనేవారికైతే వడ్డీ రాయితీ. 35 లక్షలకు మించని ఇల్లు, 25 లక్షలకు మించని రుణం ఉంటే, మొదటి 8 లక్షల మీద 4 శాతం చొప్పున గరిష్ఠంగా 1.80 లక్షలు వస్తాయి. దానికి బ్యాంకు రుణం కావాలి, రుణానికి ఆదాయం రుజువు కావాలి. ప్రభుత్వం, బిల్డర్లు కలిసి కట్టే ఫ్లాట్లలో లబ్ధిదారు తన వాటా కట్టుకోవాలి. నాలుగోది అద్దె ఇళ్ల విభాగం. అది అద్దెకున్నవాణ్ని అద్దెకే ఉంచుతుంది.

ఇప్పుడు కోల్‌కతా చూడండి. 2011 జనాభా లెక్కల్లో నగర జనాభా దాదాపు 45 లక్షలు. అందులో సుమారు 14 లక్షల మంది బస్తీల్లో ఉన్నారు. ఇక్కడి బస్తీ మూడు అంతస్తుల వ్యవస్థ. పైన జమీందారు. ఆయన దగ్గర నేలను కౌలుకు తీసుకుని గుడిసెలు వేసినవాడు ఠికా కౌలుదారు. ఆ గుడిసెలో ఒక గది అద్దెకు తీసుకున్నవాడు భాడాటియా. 1981 ఠికా కౌలు చట్టం జమీందారును తప్పించి నేలను ప్రభుత్వపరం చేసింది. ఠికా కౌలుదారు నేరుగా ప్రభుత్వం కింద కౌలుదారయ్యాడు. భాడాటియా భాడాటియాగానే మిగిలాడు. వామపక్ష ప్రభుత్వం తెచ్చిన సంస్కరణ కూడా రెండో మెట్టు దగ్గరే ఆగిపోయింది. మూడు తరాలుగా అదే గదిలో ఉన్న కుటుంబానికి ఓటరు కార్డు, రేషన్ కార్డు ఉండొచ్చు. స్థలం కాగితం మాత్రం ఉండదు. కాబట్టి సొంతంగా కట్టుకునే సాయానికి వాళ్లు మొదటి గడప దగ్గరే ఆగిపోతారు.

ఈ మూడో మెట్టు మీద మన తెలుగువాళ్లూ ఉన్నారు. గంజాం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకు వలస వచ్చిన కార్మికుల వారసులు టిటాగఢ్ లాంటి చోట్ల ఉన్నారు. కూలి లైన్లు మిల్లువి. ఖరగ్‌పూర్‌లో క్వార్టర్లు రైల్వేవి. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. పైగా వీళ్లలో దళితులకు ఇంకో దెబ్బ ఉంది. రాజ్యాంగం 341వ అధికరణ కింద షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రానికొకటి. మాల, మాదిగ కులాలు పశ్చిమ బెంగాల్ జాబితాలో లేవు. వలస వెళ్లిన రాష్ట్రంలో సొంత రాష్ట్రపు ఎస్సీ హోదా చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. భాషకు గుర్తింపు దొరికింది. కులానికి కాగితం మీద గుర్తింపు లేదు, వాడలో మాత్రం ఎవరిదే కులమో అందరికీ తెలుసు. పథకంలో రాసిన ఎస్సీ ప్రాధాన్యం వీళ్ల దగ్గరికి ఏ దారిలో వస్తుంది?

సబ్సిడీ అంటే పేదలకు ఇచ్చేదని మనకు అలవాటుగా నూరిపోశారు. ఆదాయపు పన్ను చట్టం సంగతేంటి? పాత పన్ను విధానంలో, సొంతంగా ఉండే ఇంటి రుణం మీద కట్టే వడ్డీలో ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి అది ఏటా 60 వేల మిగులు. మూడేళ్లలో 1.80 లక్షలు. పేదవాడికి ఐదు వాయిదాల్లో గరిష్ఠంగా ఇచ్చే రాయితీ కూడా అంతే! అక్కడ రుణం నడిచినన్నాళ్లూ మినహాయింపు నడుస్తుంది. గోడ ముందు నిలబెట్టి ఫొటో తీసేవారుండరు, కౌన్సిలర్ చుట్టూ తిరగక్కర్లేదు. ఆ లబ్ధిదారుల జాబితా ఏ వార్డు ఆఫీసు గోడకూ అంటించరు.

నేల ఎవరికి దక్కుతుందన్నది బెంగాల్‌లో ఎప్పుడూ కులం ప్రశ్నే. దేశవిభజన తర్వాత దక్షిణ కలకత్తాలో ఖాళీ స్థలాలు ఆక్రమించి కాలనీలు కట్టుకున్న శరణార్థుల్లో అధికులు పై కులాల మధ్యతరగతివారు. ఆ కాలనీలను ప్రభుత్వాలు క్రమబద్ధీకరించాయి, తర్వాత పట్టాలూ ఇచ్చాయి. నేడు అవి ఖరీదైన పేటలు. నామశూద్ర శరణార్థులను దండకారణ్యానికి పంపారు. అక్కడ బతకలేక తిరిగొచ్చి సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో ఊరు కట్టుకుంటే, 1979 జనవరిలో దిగ్బంధం చేశారు, కాల్పులు జరిపారు, మే నెలలో ఊరు ఖాళీ చేయించారు. ఒకరి ఆక్రమణ కాలనీ అయింది. ఇంకొకరి ఆక్రమణ నేరమైంది.

1946లో బాబాసాహెబ్‌ను రాజ్యాంగ సభకు పంపింది ఈ బెంగాలే, జోగేంద్రనాథ్ మండల్ అండతోనే. మరుసటి ఏడాది 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బాబాసాహెబ్ దళితులకు ప్రత్యేక నివాసాలు, అందుకు ప్రభుత్వ భూమి, దాన్ని చూసుకునే సెటిల్‌మెంట్ కమిషన్ కావాలని అడిగారు. ఇంటికి డబ్బు ఇమ్మనలేదు, నేల ఇమ్మన్నారు. వేరేవాడి నేల మీద ఉన్నన్నాళ్లూ వాడి కింద బతకాల్సిందేనని ఆయనకు తెలుసు. 2020లో ఆంధ్రప్రదేశ్ మహిళల పేరిట ఇళ్ల పట్టాలిచ్చింది. పట్టణాల్లో ఒక్క సెంటే, చాలాచోట్ల ఊరికి దూరంగా. దాన్ని విమర్శించాల్సిందే. అయినా కనీసం లెక్క నేల నుంచి మొదలైంది.

కాబట్టి మన డిమాండ్లు మారాలి. భాడాటియా పేరును ఠికా రికార్డుల్లోకి ఎక్కించి, ఉన్నచోటే హక్కు ఇవ్వాలి. కేంద్ర పథకాలకైనా సొంత రాష్ట్రపు ఎస్సీ ధ్రువపత్రం దేశమంతా చెల్లాలి. గృహరుణాల పన్ను మినహాయింపు ఏ కులాలకు ఎంత చేరుతోందో లెక్క తీసి బయటపెట్టాలి. విశ్వవిద్యాలయాల్లో గృహనిర్మాణం మీద పనిచేస్తున్న మిత్రులు ఈ మూడో దాన్ని చేతికెత్తుకోవాలి. పేదవాడి లక్షన్నర మీద ఇప్పటికే ఎన్నో థీసిస్‌లు వచ్చాయి. ఏటా 60 వేలు మిగుల్చుకునేవారి మీద కూడా కొన్ని రావాలి.