‘ఏం కాదులే’ అంటే సరిపోతుందా?

మొన్నామధ్య ఓ సాయంత్రం పక్కింటి అమ్మాయి మా వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మామూలుగా అయితే గలగలా మాట్లాడే పిల్ల. ఆ రోజు మాత్రం తలుపు గడియ తిప్పుతూ తటపటాయిస్తోంది. "ఏమిటే?" అని రెండుసార్లు అడిగితే, చివరికి గొంతు తగ్గించి చెప్పింది.

"ఆంటీ! రేపు అమ్మ నన్ను లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంటోంది. అక్కడ బట్టలు తీయించి లోపల చూస్తారటగా? నిజమేనా?"

నాలుగు నెలలుగా నెలసరి సరిగ్గా రావడం లేదుట. వస్తే పది పన్నెండు రోజులు ఆగడం లేదుట. మెట్లెక్కితే ఆయాసం. క్లాసులో ఎవరో స్నేహితురాలు ‘ఇనుప పరికరం పెడతారు, ప్రాణం పోతుంది’ అని చెప్పిందిట. పాపం, రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

"మీ అమ్మని అడగలేకపోయావా?" అన్నాను.

"అడిగాను ఆంటీ. ‘ఏం కాదులే, డాక్టరమ్మ ఏం చేస్తే అది చేయించుకో, ఎదురు మాట్లాడకు’ అంది."

ఏం కాదులే! ఈ మాట నేనూ విన్నాను. మా అమ్మ నాతో అన్నది. వాళ్లమ్మ ఆవిడతో అని ఉంటుంది. ఆడపిల్లకి ధైర్యం చెప్పడానికి మనకి తెలిసింది ఈ ఒక్క మాటే. కానీ ఏం జరుగుతుందో చెప్పకుండా ‘ఏం కాదులే’ అంటే, అది ధైర్యం చెప్పడమా, నోరు నొక్కడమా?

మాటా పలుకూ లేని పరీక్ష

నాకు పెళ్లయిన కొత్తలో నెల తప్పితే మా అత్తగారు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటిదాకా జ్వరానికీ దగ్గుకీ తప్ప డాక్టర్ గడప తొక్కిన దాన్ని కాదు. నర్సు వచ్చి ‘బల్ల ఎక్కు, చీర పైకి లాక్కో’ అంది. పరదా సగమే వేసి ఉంది. అవతల బెంచీ మీద కూర్చున్న వాళ్ల కాళ్లు నాకు కనిపిస్తున్నాయి. ఏం చేయబోతున్నారో ఒక్కరూ చెప్పలేదు. ఒక్కసారిగా చల్లటి ఇనుము తగిలేసరికి ఉలిక్కిపడి కాళ్లు దగ్గరికి తీసుకున్నాను. ‘ఇంతదానికే ఇలా అయితే రేపు కనేదెట్లా?’ అని కసురుకున్నారు. నిజం చెప్పాలంటే నొప్పి పెద్దగా లేదు. ఆ మాటే ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. కాన్పు అయ్యాక ఎనిమిదేళ్ల పాటు తెల్లబట్టతో బాధపడ్డాను గానీ, మళ్లీ ఆ బల్ల ఎక్కలేదు.

నా సంగతి సరే, ఎలాగో గట్టెక్కాను. మా వారి అక్కగారు, మా వదిన, గట్టెక్కలేదు. ముట్లుడిగిన నాలుగేళ్లకి ఆవిడకి మళ్లీ ఎరుపు కనిపించడం మొదలైంది. ఏడాదిన్నర పాటు ఎవరికీ చెప్పలేదు. పాత చీరలు చింపి వాడుకుని, రాత్రిపూట ఉతుక్కుని, పెరట్లో చీకట్లో ఆరేసుకుంది. చివరికి నడుం నొప్పితో లేవలేకపోతే తీసుకెళ్లాం. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్. అప్పటికే ముదిరిపోయిందన్నారు. "ముందే ఎందుకు చెప్పలేదు వదినా?" అని నేను ఏడిస్తే, "పెద్దాడు పుట్టినప్పుడు చూసినట్టే మళ్లీ చూస్తారని భయపడ్డానే" అంది. ముప్ఫయ్యేళ్ల కిందటి భయం! అది ఆవిడని డాక్టర్ దగ్గరికి వెళ్లనివ్వలేదు.

అందుకే, మొదటి పరీక్ష ఎలా జరిగిందన్నది చిన్న విషయం కాదంటాను. ఆ ఒక్క రోజుని బట్టే ఆడది జీవితాంతం డాక్టర్ దగ్గరికి వెళ్తుందో, దాచుకుంటుందో తేలిపోతుంది.

ముందు తెలిస్తే సగం భయం పోతుంది

ఆ సాయంత్రం పక్కింటి అమ్మాయిని కూర్చోబెట్టి, నాకు తెలిసినంతవరకు అంతా చెప్పాను. అదే ఇక్కడా చెబుతున్నాను.

మొదటి సంగతి. పెళ్లికాని, ఎప్పుడూ శారీరక సంబంధం లేని అమ్మాయికి మామూలుగా లోపలి పరీక్ష చేయరు. వివరాలు అడుగుతారు, పొట్ట మీద చేత్తో నొక్కి చూస్తారు, రక్తపరీక్ష రాస్తారు, అవసరమైతే పొట్ట మీదుగా స్కానింగ్ చేస్తారు. నెలసరి తప్పడం, ఎక్కువగా పోవడం, కడుపునొప్పి లాంటి చాలా సమస్యలకి ఇవే సరిపోతాయి. అరుదుగా లోపల చూడాల్సి వచ్చినా, ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే చూడాలి.

వెళ్లే ముందు ఓ కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోవాలి. కిందటి నెలసరి ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులు ఉంది, రోజుకి ఎన్ని ప్యాడ్లు మార్చాల్సి వచ్చింది, ఏ మందులు వాడుతున్నాం, ఏ మందు పడదు? అక్కడికెళ్లాక కంగారులో ఏదీ గుర్తుకు రాదు. స్కానింగ్ పొట్ట మీదుగా అయితే నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకోమంటారు. లోపలి పరీక్షకి మాత్రం ముందుగా మూత్రానికి వెళ్లి రావాలి. ఈ రెండూ తారుమారు చేసుకుని ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. వెంట్రుకలు తీసేసుకోవాలేమో, సబ్బుతో లోపల కడుక్కోవాలేమో అని కొందరు హైరానా పడతారు. అవేమీ అక్కర్లేదు. లోపల కడగడం మంచిది కాదు కూడా. మామూలుగా స్నానం చేసి వెళ్తే చాలు. చీరో, లంగానో, వదులుగా ఉండే చుడీదారో అయితే వీలుగా ఉంటుంది.

ఇక పెళ్లయినవాళ్లకి చేసే లోపలి పరీక్ష. నడుం కింది బట్ట తీయించి, పైన దుప్పటి కప్పుతారు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పక్కలకి వదలాలి. ముందు పైపైన చూస్తారు. తర్వాత బాతుముక్కులా ఉండే చిన్న పరికరం లోపల పెట్టి మెల్లగా తెరుస్తారు. గర్భసంచి ముఖద్వారం కనిపించడానికే అది. దాంట్లో చిన్న సైజులూ ఉంటాయి. అవసరమైతే మెత్తటి బ్రష్‌తో అక్కడి నుంచి కొన్ని కణాలు తీస్తారు. పాప్ పరీక్ష అంటే ఇదే. ఆ తర్వాత తొడుగు వేసుకున్న వేళ్లతో లోపల, రెండో చేత్తో పొట్ట మీద నొక్కి గర్భసంచి, అండాశయాలు ఎలా ఉన్నాయో చూస్తారు. అంతా కలిపి కొద్ది నిమిషాలు. ఒత్తిడిగా, అసౌకర్యంగా ఉంటుంది. ఊపిరి బిగపట్టకుండా నోటితో మెల్లగా వదులుతూ, నడుం బల్లకి ఆనించి వదులుగా ఉంచితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. గట్టిగా నొప్పి అనిపిస్తే మాత్రం పళ్లు బిగించి ఓర్చుకోవద్దు. ‘ఆగండి డాక్టర్!’ అనొచ్చు. అంటే ఆగాలి. పాప్ పరీక్ష తర్వాత ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఎక్కువగా పోతున్నా, జ్వరం వచ్చినా మళ్లీ వెళ్లి చూపించుకోవాలి.

ఇంతే! ఇది చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. కూర వండినంత సేపు కూడా కాదు.

‘పెళ్లయిందా?’ అని అడిగితే...

డాక్టర్ దగ్గర మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. నిజానికి వాళ్లకి కావలసింది పెళ్లి సంగతి కాదు, శారీరక సంబంధం ఉందా లేదా అని. నేరుగా అడగడానికి మొహమాటపడి, దాన్ని పెళ్లి చాటున దాచి అడుగుతారు. పక్కనే తల్లి, వెనకాల నర్సు, తలుపు దగ్గర తర్వాతి పేషెంటు. అలాంటప్పుడు ఏ పిల్ల నిజం చెబుతుంది? జవాబు తప్పయితే వైద్యమూ తప్పవుతుంది. కాబట్టి ఆ కాసేపు మనం బయట కూర్చుందాం. పిల్లని ఒంటరిగా మాట్లాడనిద్దాం. ‘నాకు తెలియని రహస్యం దానికేముంటుంది?’ అని పంతానికి పోతే నష్టం మన పిల్లకే.

ఇంకో భయం చాలామంది తల్లుల మనసులో ఉంటుంది, పైకి అనరు. పరీక్ష చేయిస్తే రేపు పెళ్లికి ఏమైనా ఇబ్బందా అని. కన్నెపొర చూసి అమ్మాయి శీలం చెప్పేయొచ్చన్నది వట్టి అపోహ. ఆటల్లో, సైకిల్ తొక్కినప్పుడు కూడా అది చిరగొచ్చు. కొందరికి పెళ్లయ్యాక కూడా అలాగే ఉండొచ్చు. అత్యాచార బాధితులకి చేసే ‘రెండు వేళ్ల పరీక్ష’కి శాస్త్రీయమైన ఆధారమే లేదని, దాన్ని చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో మరోసారి గట్టిగా చెప్పింది. కోర్టే అంత స్పష్టంగా చెప్పాక మనమింకా ఆ భయాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు?

అప్పటి పరదా, ఇప్పటి పరదా

విశాఖపట్నం, విజయనగరం వైపు ఆడవాళ్ల ఆసుపత్రిని ఇప్పటికీ ‘ఘోషాసుపత్రి’ అంటారు. ఘోషా అంటే పరదా. మగ డాక్టర్ల ఎదుటికి రాని స్త్రీలు వైద్యం అందక చనిపోతుంటే, వాళ్ల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రులు పెట్టాల్సి వచ్చింది. మద్రాసులో మేరీ షార్లీబ్ అనే డాక్టరమ్మ పూనికతో 1885లో అలాంటి ఆసుపత్రే మొదలైంది. అప్పటి బాధ లేడీ డాక్టర్ దొరక్కపోవడం. ఇప్పుడు చిన్న పట్టణంలో కూడా నలుగురైదుగురు లేడీ డాక్టర్లున్నారు. అయినా మనం వెళ్లడం లేదు. ఎందుకంటే పరదా ఇప్పుడు ఆసుపత్రిలో లేదు. మన ఇళ్లలో, అమ్మకీ కూతురికీ మధ్య వేలాడుతోంది.

లెక్కలు చూస్తే సిగ్గేస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు! పరీక్ష ఏమైనా ఖరీదైనదా అంటే అదీ కాదు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని పలచగా కలిపి ముఖద్వారానికి రాస్తారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. ముంబయి బస్తీల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు లక్షన్నర మంది స్త్రీలతో అధ్యయనం చేశారు. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన కార్యకర్తలే ఈ పరీక్ష చేసినా ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. 30 ఏళ్లు దాటిన స్త్రీలకి అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ మార్గదర్శకాలు 2016లోనే వచ్చాయి. మా వదినకి ఇది తెలియదు. తెలిసినా వెళ్లేది కాదేమో!

డాక్టరమ్మలకో మనవి

తప్పంతా తల్లులదే అంటే అన్యాయం అవుతుంది. ఓపీలో వంద మంది కూర్చుని ఉంటే మీకు ఊపిరాడదని మాకు తెలుసు. కానీ ‘ఇప్పుడు చెయ్యి పెడుతున్నానమ్మా, కాస్త చల్లగా ఉంటుంది’ అనడానికి ఎంతసేపు పడుతుంది? పరదా పూర్తిగా లాగడానికి ఎంతసేపు? జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత, గౌరవం మా హక్కులని రాసే ఉంది. మగ డాక్టర్ పరీక్ష చేస్తుంటే పక్కన మరో స్త్రీ ఉండాలనీ ఉంది. ఆ పత్రాన్ని గోడకి అంటిస్తే చాలదు, బల్ల దగ్గర కూడా అమలు కావాలి. మనం కూడా ‘ఎందుకు చేస్తున్నారు?’ అని అడగడం నేర్చుకోవాలి. అడిగితే పెద్ద డాక్టర్‌కి కోపం వస్తుందేమో అని ఊరుకుంటే ఎలా? చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతామే, మన ఒంటి సంగతి ఒక్కసారి అడగలేమా?

ఇంతకీ పక్కింటి అమ్మాయి మర్నాడు వెళ్లి వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశారుట. రక్తం తక్కువగా ఉందని, థైరాయిడ్ తేడా ఉందని తేలింది. మందులు రాశారు. "ఇంతేనా ఆంటీ! దీనికా నేను రెండు రోజులు అన్నం మానేశాను?" అని నవ్వింది. నాకు కూడా ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత జరిగింది అంతకన్నా బాగుంది. వచ్చే దారిలో ఆటోలో తల్లిని అడిగిందిట, "అమ్మా, నీకు నలభయ్యారేళ్లు కదా! ఆ వెనిగర్ పరీక్ష నువ్వెప్పుడు చేయించుకున్నావు?" అని. తల్లి దగ్గర జవాబు లేదు. ఆవిడే నాకు చెప్పుకుని, "అక్కయ్యగారూ, వచ్చే సోమవారం మీరూ వస్తారా తోడుగా?" అని అడిగింది.

వెళ్తున్నాం, ఇద్దరం. నేను కూడా చేయించుకుని చాలా ఏళ్లయింది. మీ ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంటే, అవసరం పడే దాకా ఆగకుండా ఈ ఆదివారమే ఓ పావుగంట దానితో కూర్చోండి. చెప్పడం అయ్యాక, అది కూడా మిమ్మల్ని ఇదే ప్రశ్న అడగొచ్చు. జవాబు సిద్ధం చేసుకోండి మరి!