లెక్కింపు బల్ల ఎక్కడ?

రాజకీయ పార్టీల వెబ్‌సైట్ల ద్వారా పౌరుడు ఇంటి నుండే పార్టీ నిర్ణయాలలో పాల్గొనవచ్చునని నేడు విస్తృతంగా ప్రచారం జరుగుతున్నది. ఓటు రహస్యానికి హామీ, లెక్కకు సాక్షి లేనిచోట ఆ భాగస్వామ్యాన్ని మనం నమ్మజాలం.

ఇటలీలోని ఫైవ్ స్టార్ మూవ్‌మెంట్ 2016 నుండి ‘రూసో’ అనే వేదికపై అభ్యర్థుల ఎంపికను సైతం సభ్యుల ఓటుకు వదిలింది. ఇది మెచ్చదగినదే. మన పార్టీల టిక్కెట్లు ఎక్కడ ఖరారవుతాయో మిత్రులకు చెప్పనక్కరలేదు! అయితే 2021 ఫిబ్రవరిలో డ్రాగీ ప్రభుత్వాన్ని బలపరచడంపై ఓటు పెట్టినప్పుడు, ఆ ప్రభుత్వం చేయబోయే మంచిని ప్రశ్నలోనే ముందు పేర్చి, డ్రాగీ పేరును చివర ఉంచారు. 74,537 మంది ఓటు చేయగా 59.3 శాతం సమ్మతించారు. అంతకుముందే, 2019లో, ఓటు గోప్యతకు తగిన రక్షణ లేదంటూ ఆ దేశపు సమాచార పరిరక్షణ సంస్థ వేదిక నిర్వాహకులకు 50,000 యూరోల జరిమానా విధించింది. ఆ నిర్వాహకులు పార్టీ కాదు, వేరొక సంఘం. 2021లో ఇరువురూ విడిపోగా, తన సభ్యుల జాబితాను తాను పొందడానికే పార్టీకి అదే సంస్థ ఆదేశం అవసరమైంది.

జర్మనీ సోషల్ డెమొక్రాట్లు 2018లో కూటమి ప్రభుత్వంపై సభ్యుల తీర్పును ప్రధానంగా తపాలా ద్వారానే కోరారు. 4,63,000 పైచిలుకు సభ్యులలో 3,78,000 మందికి పైగా పాల్గొన్నారు. ఆ కవర్లను మోసినది తపాలా కార్మికులే.

మన రైల్వేలలో 2007లో యూనియన్ల గుర్తింపునకు తొలి రహస్య బ్యాలెట్ జరిగింది. పెట్టెకు సీలు వేసినది మొదలు చివరి కాగితం లెక్కించేవరకు పోటీ యూనియన్ల ఏజెంట్లు ఎదురెదురుగా కూర్చున్నారు. పార్టీ వెబ్‌సైటులో ఆ ఏజెంటుకు కుర్చీ ఎక్కడ వేస్తారో పార్టీలు ముందుగా చెప్పాలి.