మా దస్తర్‌ఖాన్ మీద ఆ మాటలు లేవు

మా పిల్లలకు పెద్ద కొలువుల మీద ఆశ లేదంటారు. ఎంతసేపూ గల్ఫు, మెకానిక్ షెడ్డు, పంక్చర్ల దుకాణం తప్ప ఇంకోటి ఆలోచించరంటారు. కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లే అంటారు. ఆలోచించాలంటే ముందు ఆ పేరు చెవిన పడాలా వద్దా?

యాక్చువరీ అనే కొలువొకటుందని మీకెవరు చెప్పారు? బీమా కంపెనీలకు చావుబతుకుల లెక్కలు కట్టే పని అది. పెద్ద జీతం. ఏ పాఠంలో చదివారు? మీ బాబాయి చెప్పాడు. మీ నాన్నగారి ఆఫీసులో ఎవరో చెప్పారు. ఇంటర్లో లెక్కలు ఇట్టే చేసే మా పిల్లోడికి చెప్పేదెవరు? అబ్బా లారీ కింద పడుకుని నట్లు బిగిస్తుంటాడు. అమ్మీ బీడీలు చుడుతుంది. మామూ దుబాయిలో డ్రైవరు. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటే వీసా ఏజెంటు ఎంతడిగాడన్నదే మాట. ఆ మాటకు మేం సిగ్గుపడం. ఆ గల్ఫు పైసలే మా అక్కల పెళ్లిళ్లు చేశాయి. కానీ దాని పక్కన ఇంకో మాట లేదు.

హైదరాబాదు అంచునే శామీర్‌పేటలో నల్సార్ ఉంది. అందులో సీటుకు క్లాట్ రాయాలి, అదీ ఇంగ్లీషులో. వకీలంటే మాకు తెలిసింది జమానతు ఇప్పించే నల్లకోటే. కంపెనీలకు కాగితాలు రాసి లక్షలు తెచ్చుకునే వకీళ్లుంటారని ఉర్దూ మీడియం పిల్లకు ఎవరు చెప్పాలి? సి.ఎ. సంగతీ అంతే. ఆడిటరు దగ్గర ఆర్టికల్స్ చెయ్యాలి. ఆ స్టైపెండుతో ఇల్లు గడవదు. అసలు మా గల్లీలో ఆడిటరు బోర్డు ఏ ఇంటికుంది?

2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్లలో 25 మందికి ఒక్కడు ముస్లిం, పీజీలో 50 మందికి ఒక్కడు. ఐ.ఏ.ఎస్.లో 3 శాతం. అప్పటికి దేశంలో మా జనాభా 13.4 శాతం. దీన్ని మెరిట్ అంటారా? ఇల్లూ పొలం లాగే వార్తా వారసత్వంగా వస్తుంది.

2007లో 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ఫకీర్ల, అత్తరు సాయిబుల, ఖురేషీల ఇళ్లలోంచి పిల్లలు ఇంజనీరింగుకొచ్చారు. సీటైతే వచ్చింది. రెండో ఏడే ఇంటర్న్‌షిప్ వెతుక్కోవాలని చెప్పే అన్న మాత్రం ఇంట్లో లేడు. పక్క బెంచీవాడికి అమెరికాలో అన్న ఉన్నాడు.

మాలోనూ అందరం ఒకటి కాదు. నవాబుల, జాగీర్దార్ల వారసులకు మా పిల్లలకు సైకిల్ ట్యూబు తెలిసినంత బాగా షికాగో తెలుసు. ముస్లిం అనగానే చార్మినారు బొమ్మేసి, దూదేకులనీ వాళ్లనీ ఒకే షేర్వానీలో కుట్టేస్తారు మీరు. ఆ షేర్వానీ మాదెప్పుడూ కాదు.

ఇక ఆడపిల్లలు. బి.యెస్సీ. పాసైతే గల్లీలోని కాన్వెంటులో టీచరు. ఇంకోటేదో ఉందని తెలుసుకున్నా, రాత్రి డ్యూటీ అనగానే తలుపు మూసేది మా మగాళ్లే. దీని మీద మా పెద్దమనుషులు నోరు విప్పరు.

ప్లేస్‌మెంట్ ఆఫీసరు ఆఖరి ఏడు కనబడితే ఏం లాభం? మొదటి ఏడే ఏ కొలువుకు ఏ పరీక్ష, ఎంత ఫీజు, ఎన్నేళ్లు అన్నది తెలుగులో, ఉర్దూలో కాలేజీ గోడ మీద రాయండి. మసీదు బోర్డు మీద మేం రాసుకుంటాం. జుమా నమాజయ్యాక నిలబడి చదువుతాం.