షిఫ్టు దిగిన వేళ పసిబిడ్డతో షికారు వద్దు

గోలేటి ఎక్స్ రోడ్డు దగ్గర మధ్యాహ్నం మూడున్నరకు నిలబడి చూడండి. మొదటి షిఫ్టు దిగి వచ్చిన నాన్న బండి నడుపుతుంటాడు, వెనక అమ్మ, ఇద్దరి నడుమ టవల్‌లో చుట్టిన పసిబిడ్డ. రెబ్బెనకో, బెల్లంపల్లికో, చుట్టాలింటికో ప్రయాణం. దుమ్ము పడొద్దని, ఎండ తగలొద్దని బిడ్డను నెత్తి నుంచి కాళ్ళ దాకా కప్పేస్తారు. ఆ టవల్ కింద ముఖం ఎర్రబడిందా, నోరు ఎండిందా అని దిగేదాకా ఎవరూ చూడరు. ఏడుపు ఆగితే నిద్రపోయిందనుకుంటాం. ఎండాకాలంలో ఆ నిద్రను నమ్మొద్దు.

బిడ్డను బయటికి తిప్పొద్దని మేం చెప్పడం లేదు. గాలీ వెలుతురూ చెట్టూ పిట్టా పసివాళ్ళకు కావాలి. రేకుల ఇళ్ళలో, ఇరుకు క్వార్టర్లలో ఎండాకాలం లోపలే ఎక్కువ ఉడుకుతుంది. మా హెచ్చరిక బయటికి తీసుకుపోయే వేళ గురించి. సింగరేణిలో ఇల్లంతా షిఫ్టును బట్టి నడుస్తుంది. వంట, నిద్ర, పెళ్ళి చూపులు, చివరికి పసిబిడ్డ షికారు కూడా నాన్న డ్యూటీ దిగే గంటకే. బిడ్డ ఒంటికి మాత్రం షిఫ్టులు తెలియవు.

ఎండ నడినెత్తికి వచ్చేది పన్నెండుకే అయినా, గాలి బాగా వేడెక్కేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య. మొదటి షిఫ్టు వదిలేది సరిగ్గా అప్పుడే. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా చలికాలంలో ఎంత వణికిస్తుందో, ఏప్రిల్, మే నెలల్లో అంత మాడ్చేస్తుంది. 45 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. పెద్దవాళ్ళం చెమట పట్టి చల్లబడతాం. పసిబిడ్డకు చెమట తక్కువ పడుతుంది, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ ఉంటుంది, కాబట్టి బయటి వేడి ఒంట్లోకి తొందరగా చేరుతుంది. దాహమైందని చెప్పలేదు, కప్పిన బట్ట తీసుకోలేదు.

ఆ బట్ట సంగతి తల్లులు ప్రత్యేకంగా వినాలి. 2023లో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు పిల్లల తోపుడు బండ్ల మీద రకరకాల బట్టలు కప్పి లోపలి వేడిని కొలిచారు. పలుచటి మల్లు గుడ్డే అయినా, పొడిగా కప్పితే లోపల సుమారు మూడు డిగ్రీలు పెరిగింది. అదే గుడ్డను తడిపి, చిన్న ఫ్యాను పెడితే నాలుగు డిగ్రీలకు పైగా తగ్గింది. మనం చుట్టేది మందపాటి టవల్, అదీ అమ్మ ఒంటికి అదిమి పట్టి. నీడ ఇవ్వాలంటే గొడుగు పట్టండి. ముక్కూ నోరూ ఎప్పుడూ కనబడుతూ ఉండాలి, బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి మాటిమాటికీ చూస్తుండాలి.

ఇక దుమ్ము. పెద్దవాళ్ళు నిమిషానికి పదిహేను సార్లు ఊపిరి తీస్తే, పసిబిడ్డ నలభై సార్లు తీస్తుంది. మన ఎదుట ఉన్న గాలే, వాళ్ళ బరువుకు లెక్కేస్తే మనకన్నా చాలా ఎక్కువ లోపలికి పోతుంది. ఓపెన్‌కాస్ట్ గనుల్లో (ఓసీల్లో) బ్లాస్టింగ్ పగటిపూటే పెడతారు. పేల్చిన చోటు నుంచి 500 మీటర్లను నిబంధనలు ప్రమాద ప్రాంతంగా లెక్కిస్తాయి. రాళ్ళు ఎగిరేదాన్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిన దూరం అది, దుమ్ము అక్కడితో ఆగదు. పేలుడు తర్వాత ఒక్కోసారి నారింజ రంగు పొగ లేస్తుంది. అది నైట్రోజన్ ఆక్సైడుల పొగ. అది కనబడితే బిడ్డను ఎత్తుకుని గాలి వాలుకు అడ్డంగా పక్కకు తప్పుకోండి. టిప్పర్లు తిరిగే రోడ్డు పక్కన బిడ్డను ఆడించడమూ మానుకోవాలి.

మరి ఏ వేళ మంచిది? ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు. నైట్ షిఫ్టు దిగి వచ్చే నాన్నకు కష్టమే. అమ్మో, నానమ్మో ఎత్తుకుని పక్క వీధి చెట్ల దాకా పోయి వస్తే చాలు. చలికాలంలో మాత్రం ఇది తిరగబడుతుంది: తెల్లవారి మంచులో పొగా దుమ్మూ నేలకు దగ్గరగానే నిలిచిపోతాయి, ఎండ బాగా పొడిచాక బయల్దేరాలి. సాయంత్రాలు పోవాలనుకుంటే దోమలు లేచే లోపే ఇల్లు చేరండి. ఇది మలేరియా ఎరిగిన అడవి ప్రాంతం.

ఆదివారం డ్యూటీ లేకపోతే కొత్త దంపతులు గని నుంచి తవ్విపోసిన ఓబీ మట్టి గుట్టలెక్కి, నీళ్ళు నిండిన పాత ఓసీ గుంతల అంచున బిడ్డతో ఫొటోలు దిగడం అలవాటైంది. దయచేసి ఆపండి. ఆ మట్టి గట్టిపడిన నేల కాదు, అడుగు కింద జారుతుంది. గుంత అంచు దిగితే లోతు ఒక్కసారే వస్తుంది, ఎక్కడానికి పట్టు దొరకదు. బొగ్గు కలిసిన గుట్టల్లో నిప్పు తనంతట తానే రాజుకుంటుంది. అందులో వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. గంగాపూర్ జాతరకు పోయినా నెలల బిడ్డను గుంపులోకి, పొగలోకి తీసుకుపోకండి. ఒకరు దర్శనానికి వెళ్తే ఒకరు చెట్టు నీడన బిడ్డతో ఉండొచ్చు.

బండి గురించి చట్టం ఇప్పటికే మాట్లాడింది. నాలుగేళ్ళలోపు పిల్లలను బండి మీద తీసుకుపోతే బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే సేఫ్టీ బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. 2022లో కేంద్రం తెచ్చిన ఈ నిబంధన మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. పెట్రోల్ ట్యాంకు మీద కూచోబెట్టిన బిడ్డకు ఇవేవీ ఉండవు. జాతీయ రహదారి ఎక్కే ప్రయాణమైతే బస్సో ఆటోనో చూసుకోండి.

యాజమాన్యానికీ జిల్లా అధికారులకూ కొన్ని అడుగుతున్నాం. బ్లాస్టింగ్ వేళలు క్వార్టర్ల కూడలిలో తెలుగులో బోర్డు మీద రాసి పెట్టాలి. టిప్పర్ల రోడ్లను ఒకసారి తడిపి వదిలేయకుండా రోజంతా తడుపుతుండాలి. కాలనీ పార్కు గేటు పొద్దున ఆరింటికే తెరవాలి. 2015 గనుల చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి లక్ష్యాల్లో స్త్రీ శిశు సంక్షేమం ఉంది. ఆ డబ్బుతో బస్టాపుల్లో తల్లులు కూచుని పాలిచ్చేందుకు నీడ వేయడం పెద్ద పనేం కాదు.

ఆఖరిది, ఆలస్యం చేయకూడనిది. బిడ్డ ఒళ్ళు కాలుతూ, నోరు ఎండి, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోతే, ఆరు గంటలుగా మూత్రం పోయకపోతే, మాడు లోపలికి గుంట పడితే, పిలిచినా కళ్ళు తెరవకపోతే వెంటనే నీడలోకి తీసుకుపోండి. బట్టలు విప్పి, మామూలు నీళ్ళతో ఒళ్ళంతా తడిపి, విసరండి. ఐసు పెట్టకండి. తాగగలిగితే తల్లిపాలు పట్టండి. ఆరు నెలలలోపు బిడ్డకు ఎండలోనైనా నీళ్ళు పట్టొద్దు, పాలే మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. మగతగా ఉంటే నోట్లో ఏదీ పోయొద్దు. 108కు ఒకరు ఫోన్ చేస్తుండగా ఇంకొకరు తడుపుతూనే ఉండండి, బండి వచ్చి ఆగేదాకా.