పేగుకు చుట్టమే.. కిడ్నీకి మందు కాదు

సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన కొడుకు నాన్న కోసం ఓ సీసా తెచ్చాడు. దాని మీద కిడ్నీ బొమ్మ. ఒక్కో క్యాప్సూల్‌లో వేల కోట్ల మంచి బ్యాక్టీరియా ఉన్నాయని పెద్ద అక్షరాలు. "రోజుకు రెండు వేసుకో నాన్నా. ఒంట్లోని చెడునంతా ఇవి పేగులోనే తినేస్తాయట. డయాలసిస్ గొడవే ఉండదట" అని చెప్పి వెళ్లాడు.

ఆ పెద్దాయనకు అరవై నాలుగేళ్లు. షుగరు వచ్చి పదిహేనేళ్లు. పండక్కి ముందు చేయించిన పరీక్షలో క్రియాటినిన్ 2.4. మూడు నెలల తర్వాత మళ్లీ చేయిస్తే 3.1. బీపీ చూస్తే 170/100! డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. 'ఎలాగూ ఇది వాడుతున్నాం కదా.. ఇన్ని మాత్రలెందుకు' అని ఆయన బీపీ మందులు తనంతట తానే మానేశారు.

తప్పు సీసాదేనా? అందులో విషమేమీ లేదు. అది మోయలేనంత ఆశను దాని మీద పెట్టారు, అంతే. కిడ్నీ జబ్బున్నవాళ్ల ఇళ్లలోకి ఇప్పుడు ప్రొబయాటిక్స్ ఇలాగే వచ్చేస్తున్నాయి. ఇంతకీ అవి ఏం చేయగలవు? ఏం చేయలేవు?

పేగుకీ కిడ్నీకీ లంకె

సంబంధం ఉన్న మాట నిజమే. మనం తిన్న ప్రొటీన్‌లో అరగకుండా మిగిలింది పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టి పి-క్రెసాల్, ఇండోల్ వంటి పదార్థాలను తయారుచేస్తుంది. ఇవి కాలేయానికి వెళ్లి పి-క్రెసిల్ సల్ఫేట్, ఇండాక్సిల్ సల్ఫేట్‌గా మారతాయి. కిడ్నీలు బాగుంటే వీటిని మూత్రంలో బయటికి పంపేస్తాయి. దెబ్బతింటే రక్తంలోనే పేరుకుపోతాయి. పైగా ఇవి రక్తంలోని అల్బుమిన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి డయాలసిస్‌తోనూ పూర్తిగా పోవు. గుండెకు, రక్తనాళాలకు ఇవి మంచివి కావు.

రెండోవైపు, రక్తంలో పెరిగిన యూరియా పేగులోకి చేరుతుంది. అక్కడ అది అమ్మోనియాగా మారి పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. పొటాషియం భయంతో కూరలు, పండ్లు తగ్గించడం వల్ల పీచు అందదు. యాంటీబయాటిక్స్, ఐరన్ మాత్రల ప్రభావం కొంత. దీంతో పేగులో మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి, చేటు చేసేవి పెరుగుతాయి. మరి మంచి బ్యాక్టీరియాను బయటి నుంచి పంపిస్తే? ఈ మందుల వెనకున్న ఆలోచన ఇదే.

ఆలోచన కొత్తదేమీ కాదు. పెరుగులోని బ్యాక్టీరియా ఆయుష్షు పెంచుతుందని వందేళ్లకు పూర్వమే వాదించిన శాస్త్రవేత్త మెచ్నికాఫ్. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి 1908లో నోబెల్ అందుకున్నది ఆయనే. తగినంత మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రొబయాటిక్స్ అని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు నిర్వచించారు. అంటే అవి బతికుండాలి, సరిపడా ఉండాలి, మేలు చేయాలి.

పరీక్షల్లో తేలిందేమిటి?

డయాలసిస్ దాకా రాని 37 మంది కిడ్నీ రోగులపై ఆస్ట్రేలియాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ప్రొబయాటిక్స్‌తో పాటు వాటికి ఆహారమైన పీచు పదార్థాన్నీ కలిపి ఆరు వారాలు ఇచ్చారు. రక్తంలో పి-క్రెసిల్ సల్ఫేట్ తగ్గింది. ఇండాక్సిల్ సల్ఫేట్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూత్రంలో పోయే అల్బుమిన్ మాత్రం కాస్త పెరిగింది.

2023లో కోక్రేన్ సంస్థ 45 అధ్యయనాలను, అంటే 2,266 మంది వివరాలను ఒకచోట చేర్చి చూసింది. ఇవి కిడ్నీ పనితీరును నిలబెడతాయని గానీ, రోగికి ఫలానా మేలు చేస్తాయని గానీ గట్టిగా చెప్పే ఆధారాలు దొరకలేదు. దుష్ఫలితాలు మాత్రం అరుదుగా, స్వల్పంగానే కనిపించాయి.

రక్తపరీక్షలో ఒక అంకె తగ్గడం వేరు, కిడ్నీ నిలవడం వేరు. ఇంట్లో పడ్డ నీళ్లు తుడిచినంత మాత్రాన పైకప్పు కారడం ఆగదు కదా!

వీళ్లు మాత్రం జాగ్రత్త

కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు, డయాలసిస్ కోసం మెడ దగ్గర క్యాథెటర్ ఉన్నవాళ్లు వీటిని సొంతంగా వాడకూడదు. బతికున్న సూక్ష్మజీవి రక్తంలోకి చేరితే ప్రమాదం. విరేచనాలకు ఇచ్చే శాకరోమైసిస్ బౌలార్డి అనే ఈస్ట్ పొడి కూడా ఈ కోవలోదే. అలాంటి రోగి పడక దగ్గర ఆ పొట్లం విప్పడం కూడా మంచిది కాదు.

మిగతావాళ్లు వాడాలనుకుంటే సీసాను ముందు డాక్టరుకు చూపించాలి. పొటాషియం, ఫాస్ఫేట్, మూలికల పొడులు కలిపారేమో చూడాలి. బ్యాక్టీరియా పేరు, సంఖ్య, ఎంత చల్లదనంలో ఉంచాలో, ఎప్పటిలోగా వాడాలో రాసి ఉండాలి. యాంటీబయాటిక్ వాడుతుంటే రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల తేడా అవసరం. మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి ఆహార సప్లిమెంట్ల మీద 'ఔషధంగా వాడటానికి కాదు' అని ముద్రించాలి. పెద్ద అక్షరాలు చదివినవాళ్లు ఆ చిన్న అక్షరాలూ చదవాలి.

పెరుగన్నం సంగతి?

పెరుగులో మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. కానీ ఏ రకం, ఎంత అన్నది ఒక్కో ఇంటి తోడును బట్టి మారుతుంది. వంద గ్రాముల పెరుగులో సుమారు 150 మిల్లీగ్రాముల పొటాషియం, 95 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటాయి. కాబట్టి ఎంత తినొచ్చో రక్తపరీక్షలు చూసి డాక్టరు, డైటీషియన్ చెప్పాలి. చాలామందికి చిన్న కప్పు ఫర్వాలేదు. పక్కన నంజుకునే ఆవకాయ, మజ్జిగలో వేసే ఉప్పుతోనే అసలు చిక్కు. ఇక ఇడ్లీ పిండి పులిసినా, ఆవిరి మీద ఉడికాక అందులోని బ్యాక్టీరియా బతకదు.

మంచి బ్యాక్టీరియాకు కావలసిన తిండి పీచు. బీర, సొర, పొట్ల వంటి కూరలు దాన్నిస్తాయి. పొటాషియం ఎక్కువగా ఉన్నవాళ్లు ముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి వండుకోవాలి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కిడ్నీలు మందగించినప్పుడు పొటాషియం మలంలోనే ఎక్కువగా పోవాల్సి ఉంటుంది. డయాలసిస్ దాకా రానివాళ్లకు ప్రొటీన్ రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాము చాలు. అంతకు మించి తింటే పేగులో వ్యర్థాల తయారీకి ముడిసరుకు ఇచ్చినట్టే.

కాపాడేవి ఇవీ..

బీపీ, షుగరు అదుపులో ఉండాలి. ఉప్పు రోజు మొత్తం మీద 5 గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు. పేరు చివర 'ప్రిల్', 'సార్టాన్' అని ఉండే బీపీ మందులు, డపాగ్లిఫ్లోజిన్ వంటివి కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తాయని పెద్ద పరీక్షల్లో రుజువైంది. ఎవరికి ఏది తగునో డాక్టరే నిర్ణయించాలి. నొప్పి మాత్రలను, పేరు తెలియని భస్మాలను దూరంగా ఉంచాలి. ప్రొబయాటిక్ ఏదైనా వీటి తర్వాతే, వీటికి బదులుగా కాదు.

ఇక ఆ పెద్దాయన సంగతి. బీపీ మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. రెండు నెలలకు క్రియాటినిన్ 2.9 దగ్గర నిలబడింది. 2.4కు మాత్రం దిగలేదు. దిగుతుందని డాక్టరూ చెప్పలేదు. సీసా గురించి అడిగితే "పొట్టకు హాయిగా ఉంటే వాడుకోండి. మాత్ర మాత్రం ఒక్కటి కూడా మానొద్దు" అన్నారు.

ఇప్పుడు వంటగదిలోని క్యాలెండర్ మీద తేదీ పక్కనే రోజూ బీపీ అంకె రాస్తోంది ఆ ఇల్లాలు. ఖాళీ అయిన సీసాలో మెంతులు పోసుకుంది.